తొమ్మిది నొక్కనివాళ్ళు

అయితే ఈ దీపం ఎర్రగా మినుకుమంటే ఎవరో ఫోను చేస్తున్నట్టు, పచ్చగా నిలబడితే పెట్టే ఫోను ఎత్తి మాట్లాడుతున్నట్టు, ఆరిపోతే అవతలివాళ్ళు పెట్టేసినట్టు, ఇంతవరకూ బాగానే ఉంది, మరి మోగడమెప్పుడు, అని ఆమె బల్ల పక్కన గోడకు బిగించిన తెల్ల పెట్టె వంక చూసింది, తన టిఫిను డబ్బా అంత కూడా లేదు, రెండు తీగలు, ఒక దీపం, అంతే, పద్దెనిమిదేళ్ళు తాను చేసిన పనంతా అందులో పట్టేసిందట, తొమ్మిది నొక్కినవాళ్ళ ఫోనే మోగుతుంది మేడమ్, మిగతావన్నీ మెషినే చూసుకుంటుంది, మీరిక హాయిగా కూర్చోవచ్చు అని చెప్పి వెళ్ళాడు శనివారం దాన్ని బిగించినతను, హాయిగా కూర్చోవడం ఎలాగో కూడా చెప్పి వెళ్ళుంటే బాగుండేది, ఎందుకంటే పొద్దున ఈ పళ్ళ ఆసుపత్రి తలుపులు తీసి, కుర్చీలు తుడిచి, మంచినీళ్ళ సీసా పక్కన పెట్టుకుని కూర్చున్నప్పటినుంచి ఆమె చెయ్యి రిసీవరు దాకా ఏడుసార్లు వెళ్ళి ఏడుసార్లూ ఊరికే వెనక్కి వచ్చింది, ముట్టుకోకూడదు కదా, ఈ వారమంతా ముట్టుకోవద్దక్కా, మెషిను ఒక్కటే ఎంతవరకు నెట్టుకొస్తుందో చూద్దాం అని చిన్న డాక్టరు ఒట్టు వేయించుకున్నంత పని చేసింది, చిన్న డాక్టరంటే పెద్ద డాక్టరుగారి కూతురు, స్కూలు సంచీతో వచ్చి ఇదే బల్ల కింద దూరి హోంవర్కు చేసుకున్న పిల్ల, ఇప్పుడు తెల్లకోటు వేసుకుని లోపలి గదిలో జనం నోళ్ళు తెరిపిస్తోంది, నెట్టుకొస్తే ఏం చేస్తారమ్మా అని అడిగితే, నెట్టుకొస్తే నిన్ను వెనక గదిలోకి మారుస్తాను, పరికరాలు కడిగి ఉడకబెట్టి సర్దడానికి నమ్మకమైన మనిషి కావాలి, అక్కడైతే నీకు ఈ నస ఉండదు అంది, ప్రేమగానే అంది, అదే వచ్చిన చిక్కు, కోపంగా అనుంటే ఎదురు చెప్పేది.

నస అంటే ఏమిటో ఆ పిల్లకు తెలియదు, వెనక గదికి కిటికీ లేదు, నీళ్ళు మరిగే చప్పుడు తప్ప మనిషి గొంతు వినపడదు, అక్కడ పటకార్లతో ఏం మాట్లాడాలి, ఎలా ఉన్నారండీ, మొన్న ఎవరి దవడ పన్ను పీకారండీ అని అడగాలా, ఆ ఊహకు నవ్వొచ్చింది, నవ్వుతూనే శనివారం గుర్తొచ్చింది, గొంతు మాత్రం నీదే ఉండాలక్కా, వాళ్ళకు అలవాటైన గొంతు అని చిన్న డాక్టరు అంటే ఏనుగెక్కినంత సంబరంతో గొంతు సవరించుకుని కూర్చుంది, తన గొంతుతో తన కుర్చీకే ఎసరు పెట్టుకుంటున్నానని అప్పుడు తట్టనే లేదు, బిగించినతను ఒక కాగితం ఇచ్చాడు, నమస్కారం, పళ్ళ ఆసుపత్రి, నొప్పి అయితే ఒకటి నొక్కండి, వాపు అయితే రెండు, కట్టుడు పళ్ళకు మూడు, అలా దిగుతూ దిగుతూ చివర్న, మనిషితో మాట్లాడాలంటే తొమ్మిది నొక్కండి అని ఉంది, ఎనిమిది మెట్లు దిగాక దొరికే మనిషన్నమాట తాను, సరే, చదివింది, చదవగానే అతను చెవుల మీది హెడ్‌ఫోన్లు తీసి, మేడమ్, మధ్యలో చెప్పండి అన్నారు, కాగితంలో చెప్పండి అని లేదు అన్నాడు, అయ్యో అన్నానా అని మళ్ళీ చదివింది, నమస్కారం, పళ్ళ ఆసుపత్రి, చెప్పండి, మళ్ళీ వచ్చేసింది ఆ మాట, వచ్చి ఊరుకుందా, దాని వెనక నాలుగు అంకెల మౌనం కూడా వచ్చింది, మూడోసారీ అంతే, ఇంతసేపు ఎందుకు ఆగుతున్నారు మేడమ్ అంటే, ఆగలేదే అని ఆమె, అప్పటికే వీధిలో దీపాలు వెలిగాయి, అతనికింకా రెండు చోట్ల పని ఉంది, పోనీలెండి, ఇలాగే ఉంచేద్దాం అని పెట్టె మూత బిగించేశాడు.

ఆగింది నిజమే, ఆగడం ఆమె పుట్టుగుణమేం కాదు, ఇంట్లో ఆమె మాటకు అడ్డుకట్ట లేదని భర్త ఇప్పటికీ చెవిలో దూది పెట్టుకుంటున్నట్టు నటిస్తాడు, ఫోనులో ఆగడం పెద్ద డాక్టరుగారు మొదటి రోజున నేర్పింది, ఇదుగో చూడమ్మా, పన్ను నొప్పివాడికి నోరు తెరవాలంటేనే భయం, గాలి తగిలితే జివ్వుమంటుంది, నువ్వు గలగలా మాట్లాడేస్తే ఊఁ అని పెట్టేస్తాడు, చెప్పండి అను, అని మనసులో నాలుగు లెక్కపెట్టు, ఆ లోపల వాడే నోరు తెరుస్తాడు అన్నారు, వారం రోజులు వేళ్ళు మడిచి లెక్కపెట్టింది, తర్వాత వేళ్ళతో పని లేకపోయింది, ఒకటి, రెండు, మూడు అనేసరికి అవతల ఒక ఊపిరి, ఒక మూలుగు, చుట్టూ ఉన్న చప్పుడు, ఇంకా పేరు చెప్పకముందే మనిషెవరో తెలిసిపోయేది, బుగ్గలో వేడినీళ్ళు పుక్కిట పట్టినట్టు మాట్లాడితే కుడి కింది దవడాయన, సార్, ఈసారైనా వస్తారా, వాయిదా వేస్తారా అని తానే అడిగేది, మీకెలా తెలిసిందండీ అని ఆయన, వెనకాల బల్ల మీద గిన్నెలు పెట్టే చప్పుడు తొందరగా ఉంటే కట్టుడు పళ్ళావిడ, ఇంటికి చుట్టాలొస్తున్నారని అర్థం, పై సెట్టు వదులైపోయింది, వాళ్ళ ముందు జారితే పరువేం కాను అంటుంది, గొంతులో నొప్పి లేకుండా నొప్పి గురించి చెప్పేవాళ్ళకు సెలవు చీటీ కావాలి, నొప్పి లేదని పదేపదే చెప్పేవాళ్ళను ఆ సాయంత్రమే రప్పించాలి, బీమాలూ ఇంటి స్థలాలూ అమ్మేవాళ్ళయితే నాలుగు దాకా ఆగరు, ఒకటికే మొదలుపెడతారు, వాళ్ళకు నోరు నొప్పి ఉండదు కదా, రాంగు నంబరువాళ్ళు మూడు దగ్గర ఆలోచనలో పడతారు, ఇవేవీ ఏ పుస్తకంలోనూ రాసుకోలేదు.

ఇక సోమవారమైతే తొమ్మిదిన్నరకు బొమ్మల మాస్టారు, దవడ ఎముకకు పెద్దాసుపత్రిలో ఆపరేషనై పై పళ్ళకూ కింది పళ్ళకూ కలిపి తీగలు కట్టారు, నెలాఖరు దాకా నోరు తెరవకూడదు, ఈ ఫోనుకు రాసి పంపే సదుపాయం లేదు, ఆయన భార్యకు వినపడదు, అందుకని ఇద్దరూ ఒక ఒప్పందం చేసుకున్నారు, ఆమె చెప్పండి అంటుంది, ఆయన రిసీవరు మీద గోటితో తడతాడు, ఒక్క దెబ్బ కొడితే బాగుంది, రెండు కొడితే మందులైపోయాయి, మూడు కొడితే వాపు మళ్ళీ వచ్చింది, మూడు ఎప్పుడూ కొట్టలేదు, ఇవాళ కూడా తొమ్మిదిన్నరకు దీపం వెలిగింది, పచ్చబడింది, చాలాసేపు పచ్చగానే ఉంది, ఆయనే అయ్యుంటాడు, పోనీలే, మాట రాని మనిషికి మెషినే హాయి, నోరు మెదపకుండా ఏదో ఒకటి నొక్కేస్తే సరిపోతుంది అనుకుని చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

పదకొండవుతోంది, పదకొండంటే ఆడపడుచు, ఆ మనిషి సంగతి తలుచుకుంటే చాలు పెదవులు వాటంతటవే విచ్చుకుంటాయి, రోజూ టీ తాగే వేళకు ఫోను చేసి గొంతు మార్చి, ఏమండీ, ముప్పై మూడో పన్ను నొప్పండీ అంటుంది, ముప్పై రెండు దాటి మనిషికి పన్నుండదని తెలిసీ ఎనిమిదేళ్ళుగా అదే పన్ను, ఈమె గంభీరంగా, పై వరసా, కింది వరసా అండీ అని అడగాలి, మా అన్నగారి వరసండీ అని ఆవిడ, ఆ తర్వాత ఇద్దరూ నవ్వుకుని రెండు ముక్కలు మాట్లాడి పెట్టేస్తారు, అదీ పదకొండు గంటలంటే, గడియారం చూసింది, దీపం ఎర్రబడింది, మినుకుమంది, పచ్చబడింది, తొమ్మిది నొక్కవే తల్లీ అని నోట్లోనే అనుకుంది, మనిషితో మాట్లాడాలంటే తొమ్మిది, నా గొంతే చెబుతోంది కదా నీకు, పచ్చగానే ఉంది, ఎంతసేపున్నా పచ్చగానే ఉంది, ఉన్నట్టుండి ఆరిపోయింది, ఫోను మోగలేదు, వదినతో మాట్లాడాలని ఆడపడుచుకే లేకపోతే కుడి కింది దవడాయనకు మాత్రం ఎందుకుంటుంది, పొద్దుటినుంచి పదిహేనుసార్లు వెలిగింది, ఒక్కరంటే ఒక్కరు తొమ్మిది నొక్కలేదు, పళ్ళూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం అన్నారు, నిజమే, వాళ్ళకు కావలసింది పన్ను ఊడటం, రాయి ఎవరైతేనేం, ఇన్నేళ్ళూ తనను చూసి పలకరిస్తున్నారనుకుంది, వెర్రిబాగులది, వాళ్ళు పలకరించింది నంబరును, కళ్ళు చెమర్చాయి, కూర్చున్నవాళ్ళెవరైనా చూస్తారేమోనని నీళ్ళ సీసా ఎత్తి గటగటా తాగింది, వెనక గది అంత చెడ్డదేం కాదులే, వెచ్చగా ఉంటుంది అనుకుంది.

పదకొండున్నర అవుతుండగా లోపలినుంచి చిన్న డాక్టరు వచ్చింది, చేతిలో తన సెల్‌ఫోను, మొహంలో చికాకు, అక్కా, ఇదేదో తేడాగా ఉంది, మెషిను లెక్క ఇందులో కనిపిస్తుంది, పదిహేడు ఫోన్లు వచ్చాయి, ఒక్కళ్ళూ ఏ అంకే నొక్కలేదు, ఒకటీ లేదు రెండూ లేదు, అందరూ చాలాసేపు లైనులో ఉండి పెట్టేశారు, మెషిను పాడైందేమో, వాళ్ళ మాటలు రికార్డవుతాయట, విందామా అంటూ పక్క కుర్చీ లాక్కుని కూర్చుంది, ఆమె మనసు ఎక్కడో ఒక మూల చిన్నగా కదిలింది, ఏ అంకే నొక్కలేదా, ఏ అంకే నొక్కలేదంటే తొమ్మిదిని ఒక్కదాన్నే వదిలెయ్యలేదన్నమాట, మొదటి ఫోను మొదలైంది, నమస్కారం, పళ్ళ ఆసుపత్రి, చెప్పండి అంది తన గొంతు, ఎంత మర్యాదగా ఉందో, పక్కింటావిడ గొంతులా ఉంది, తర్వాత ఖాళీ, ఆ ఖాళీలో బుగ్గలో నీళ్ళున్నట్టు, మేడమ్, నేనేనండీ, ఈసారి వాయిదా వెయ్యను, నిజంగా నొప్పండీ అని ఒక గొంతు, అంతలో ఇవతలి గొంతు నొప్పి అయితే ఒకటి నొక్కండి అని అందుకుంది, పాపం ఆయన మాట ఆపేశాడు, మర్యాదస్తుడు, ఆడవాళ్ళు మాట్లాడుతుంటే అడ్డుపడడు, మెట్లన్నీ దిగి తొమ్మిది దాకా అయ్యాక, అలాగే మేడమ్, మరి ఎన్నింటికి రమ్మంటారు అన్నాడు, మెషిను మళ్ళీ నమస్కారం, పళ్ళ ఆసుపత్రి, చెప్పండి అంది, నేనేనండీ అని ఆయన మళ్ళీ మొదలుపెట్టాడు.

చిన్న డాక్టరు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది, నవ్వాలా ఏడవాలా అన్నట్టు చూసింది, ఎవరక్కా ఇది, కుడి కింది దవడమ్మా, జ్ఞానదంతం, రెండేళ్ళుగా తప్పించుకు తిరుగుతున్నారు, ఆయనే నిజంగా నొప్పి అన్నారంటే ఇవాళ్టికి రప్పించాలి, తర్వాత గిన్నెల చప్పుడు, కట్టుడు పళ్ళావిడ, చుట్టాలు సాయంత్రానికే వస్తున్నారు, ఏమ్మా ఒంట్లో బాగాలేదా, అడిగినదానికి సమాధానం చెప్పకుండా ఏవో అంకెలు చెబుతున్నావు అని కంగారుపడి పెట్టేసింది, ఆ తర్వాత పదకొండు గంటల ఫోను, ఏమండీ, ముప్పై మూడో పన్ను నొప్పండీ, నొప్పి అయితే ఒకటి నొక్కండి, అబ్బో, మా వదిన ఇవాళ కొత్త ఆట కట్టింది, నొక్కను, నువ్వే వచ్చి నొక్కు, వాపు అయితే రెండు, వాపు మీ ఆయనకు, ఆ పైన పడీపడీ నవ్వు, తర్వాత కాస్త తగ్గి, వదినా, పక్కన డాక్టరుగానీ ఉన్నారా, సరే సరే, పనిలో ఉన్నట్టున్నావు, రేపు చేస్తాలే, అది విని ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది, ఇందాకటి కన్నీళ్ళు ఇంకా ఆరనే లేదు, వాటి మీదే ఇవి, అప్పుడు తెలిసింది, వాళ్ళెవ్వరూ తొమ్మిది ఎందుకు నొక్కలేదో, చెప్పండి అన్నది తనే అనుకున్నారు, ఆగింది తనే అనుకున్నారు, మనిషితో మాట్లాడుతూనే ఉన్నామనుకునేవాళ్ళు మనిషి కోసం తొమ్మిది ఎందుకు నొక్కుతారు.

వీళ్ళెవరూ పేరు చెప్పలేదు, నీకెలా తెలుస్తోందక్కా అంటూ చిన్న డాక్టరు మరొకటి నొక్కింది, తొమ్మిదిన్నరది, ఇందులో ఎవరూ మాట్లాడలేదు, ఖాళీ ఫోను అని తీసెయ్యబోయింది, ఉండండి అంది ఆమె, అనడమేమిటి, డాక్టరు చెయ్యి పట్టుకుంది, వినండి, నమస్కారం, పళ్ళ ఆసుపత్రి, చెప్పండి, ఖాళీలో ముక్కుతో పీల్చే ఊపిరి, తర్వాత గోరు, టక్, టక్, టక్, మూడు, నొప్పి అయితే ఒకటి నొక్కండి, ఊపిరి ఆగింది, ఓపిగ్గా ఎదురుచూసింది, మళ్ళీ చెప్పండి, టక్, టక్, టక్, మూడోసారి చెప్పండి అన్నప్పుడు దెబ్బలు గట్టిగా పడ్డాయి, వాటి మధ్య ఎడం తగ్గింది, ఆపైన ఏమీ లేదు, మాస్టారు, మూడు కొట్టారు, వాపు మళ్ళీ వచ్చింది, తీగల వెనక వాపొస్తే ఊపిరికి అడ్డం పడవచ్చు, వెంటనే చూడాలి అని పెద్దాసుపత్రివాళ్ళు కాగితం మీద రాసి మరీ పంపారమ్మా, రెండు గంటలైంది అంటూనే రిసీవరు ఎత్తింది, వారమంతా ముట్టుకోకూడదన్న మాట గుర్తొచ్చింది, వచ్చినంత వేగంగానూ పోయింది, ఆయన నంబరు వేళ్ళకే తెలుసు, రెండు మోతలకే ఎత్తారు, మాస్టారూ, నేనే, ఈసారి నిజంగా నేనే, పొద్దున మాట్లాడింది మెషిను, వాపేనా, అవునైతే ఒక్క దెబ్బ కొట్టండి, అని ఆగింది, ఒకటి, రెండు, టక్, ఊపిరి ఆడుతోందా, టక్, ఇప్పుడు పక్కింటాయన ఉంటారా, బండి మీద ఎక్కించుకొస్తారా, టక్, అయితే బయల్దేరండి, మీరొచ్చేసరికి డాక్టరమ్మ గుమ్మంలో ఉంటుంది అంది, చిన్న డాక్టరు అప్పటికే చేతులు కడుక్కోవడానికి లేచింది.

ఆయన పావుగంటలో వచ్చారు, కుడి బుగ్గ నిమ్మకాయంత, ముందు వరసలో కూర్చున్నవాళ్ళు తమ నొప్పులు మరిచిపోయి దారి ఇచ్చారు, లోపల అరగంట, తర్వాత తలుపు తీసుకుని చిన్న డాక్టరు చేతికున్న తొడుగులు విప్పుతూ, చీము తీసేశాను, సాయంత్రం దాకా ఆగుంటే తీగలు కోసి రాత్రికి రాత్రే పెద్దాసుపత్రికి పరిగెత్తాల్సి వచ్చేది అంది, మాస్టారు ఆమె బల్ల దగ్గర ఆగారు, నోరు కట్టేసి ఉంది, కళ్ళతో నవ్వారు, వంగి గోటితో బల్ల మీద ఒక్క దెబ్బ కొట్టి వెళ్ళిపోయారు, బాగుంది అని, ఆమె ఆ గోరు తగిలిన చోట చెయ్యి పెట్టుకుంది.

చిన్న డాక్టరు అక్కడే నిలబడి బిగించినతనికి ఫోను చేసింది, సెల్‌ఫోను పైకి వినపడేలా పెట్టింది, జరిగింది చెప్పింది, అతను అంతా విని, చూశారా మేడమ్, నేను ఆ రోజే అన్నాను, తప్పు మెషినుది కాదు, చెప్పండి తర్వాత ఆవిడ ఆగారే, అక్కడ నాలుగు సెకన్ల ఖాళీ ఉంది, అందులో దూరి జనం మాట్లాడేస్తున్నారు, ఆ ఖాళీ కత్తిరించేస్తే చాలు, అక్కడ మనిషి ఉన్నట్టు ఎవరికీ అనిపించదు, రేపొచ్చి తీసేస్తాను అన్నాడు, చిన్న డాక్టరు ఆమె వంక చూసింది, ఆమె డాక్టరు వంక చూసింది, వద్దులెండి, అది అలాగే ఉండనివ్వండి, పగలు ఫోను మామూలుగా మోగేట్టు నా సెల్‌ఫోనులోంచి ఇప్పుడే మార్చేస్తాను, ఆదివారాలు మేము లేనప్పుడు మీ మెషిను ఎత్తుకుంటుంది అంది చిన్న డాక్టరు, పెట్టేసి, ఎవరు నేర్పారక్కా నీకు ఆ ఆగడం అని అడిగింది, మీ నాన్నగారే అంటే, నాకెప్పుడూ చెప్పలేదే అని కాస్త ఉడుక్కుంది, మీరు బల్ల కింద హోంవర్కు చేసుకుంటున్నారమ్మా అప్పుడు అంటే ఇద్దరికీ నవ్వొచ్చింది, వెనక గదికి వేరే మనిషిని చూస్తాను అంటూ లోపలికి పోయింది, ఆ ఒక్క మాటతో కుర్చీ మళ్ళీ కుర్చీలా తగిలింది.

ఆ బిగించినతనికి ఎంత బాగా తెలిసిందో చూడు అనుకుంది ఆమె, పద్దెనిమిదేళ్ళనుంచి తనకు తెలియనిది, ఇంటికెళ్ళి నోరు నొప్పి పుట్టిందని భర్తతో చెప్పుకునేది, ఫోనులో మాట్లాడీ మాట్లాడీ అలిసిపోయాననేది, మాట్లాడటమే తన ఉద్యోగమనుకుంది, మాటలన్నీ ఆ పెట్టె చక్కగా చెప్పేసింది, తనకంటే స్పష్టంగా, విసుగు లేకుండా, జనం వెతుక్కుని వెతుక్కుని దూరింది మాత్రం అందులో పొరపాటున మిగిలిపోయిన నాలుగు సెకన్లలోకి, కుడి కింది దవడ, చుట్టాలు, ముప్పై మూడో పన్ను, మూడు గోటి దెబ్బలు, అన్నీ అక్కడే పట్టాయి, ఇన్నేళ్ళూ తాను చేసిన పని కూడా అక్కడే ఉంది, తక్కినదంతా కాగితం మీద రాయగలిగినదే, ఇలా అనుకుంటుండగానే దీపం ఎర్రగా మినుకుమంది, ఈసారి ఫోను మోగింది, ఆమె చీర కుచ్చిళ్ళు సర్దుకుని నిటారుగా కూర్చుంది, రిసీవరు ఎత్తింది, నమస్కారం, పళ్ళ ఆసుపత్రి, చెప్పండి అంది, ఒకటి, రెండు, మూడు.